ఇత్తడి దిమ్మలో అంగుళం నట్టు

హొరేస్ ట్రాంటర్ అంటే నాకు గిట్టదు. ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. ఇరవై ఆరేళ్ళు మా రెండిళ్ళకీ మధ్య ఉన్నది ఒక్క వరస ఇటుక గోడ. అతను దగ్గితే నాకు వినపడేది, నేను ఉల్లిపాయలు వేయిస్తే అతనికి వాసన వెళ్ళేది. అలాంటి మనిషి గురించి రాయడానికి నాకంటే తగినవాళ్ళు మా ఊరు నెదర్టన్ మొత్తంలో లేరు. అతను మంచివాడని చెప్పేవాళ్ళు కొందరున్నారు. వాళ్ళకి అతనితో ఉమ్మడి గోడ లేదు.

అతను కౌన్సిల్ ఆఫీసులో గుమాస్తా. ఎవరి గోడ ఎంత ఎత్తుంది, ఎవరి చూరు ఎవరి స్థలంలోకి వచ్చింది, ఇదీ అతని పని. ఆదివారం కూడా టై కట్టుకునే గుమ్మంలో పాలసీసాలు తీసుకునేవాడు. రోడ్డు మీద కుక్కపిల్ల కూడా లేకపోయినా ఎర్రదీపం మారేదాకా నిలబడి, మారాక రెండు పక్కలా చూసి దాటేవాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. నాలుగోది చూపిస్తే దానికి అనుమతి ఉందా అని అడిగేవాడు.

మా ఆయన విల్ఫ్ పందెం పావురాలు పెంచేవాడు. గనిలోంచి వచ్చి, మొహం కడుక్కోకముందే పెరట్లోకి వెళ్ళి వాటితో కబుర్లు చెప్పేవాడు. నాతో చెప్పినవి తక్కువే, కానీ ఆ మాటలు కిటికీలోంచి నాకూ వినపడేవి కాబట్టి నాకేం లోటు లేదు. ఒకరోజు హొరేస్ టేపు పట్టుకుని వచ్చాడు. గూడు ఆరంగుళాలు తన హద్దులోకి వచ్చిందన్నాడు. మాతో మాట్లాడి ఊరుకోలేదు. కౌన్సిల్‌కి ఉత్తరం రాశాడు, తన ఆఫీసుకి, తన చేత్తో. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చాడు.

విల్ఫ్ గూడు విప్పేశాడు. పావురాలని పక్క ఊళ్ళో ఒకాయనకి ఇచ్చేశాడు. వాటిలో నాలుగు వారం తిరక్కుండానే ఎగిరి వచ్చేసి, గూడు ఉన్న చోట నేల మీద కూర్చున్నాయి. విల్ఫ్ వాటిని బుట్టలో పెట్టి మళ్ళీ దిగబెట్టాడు. మళ్ళీ వచ్చాయి. ఆ చలికాలంలోనే విల్ఫ్ పోయాడు. గుండె జబ్బని డాక్టరు కాగితం మీద రాశాడు. నన్ను రాయమంటే ఆరంగుళాలు అని రాసేదాన్ని.

మరి ఇల్లు మారొచ్చుగా అంటారు. అతని భార్య ఐవీ కోసం మారలేదు.

ఐవీ, నేనూ ఇరవై రెండేళ్ళు ఒకే కార్ఖానాలో పనిచేశాం. కార్లకి బ్రేకు పైపులు చేసేవాళ్ళం. చిటికెన వేలికంటే సన్నటి గొట్టం. కొలిచి కోసి, నట్టు ముందు ఎక్కించి, అప్పుడు గొట్టం మూతి విరవాలి, అంటే గంటలా వెడల్పు చెయ్యాలి. నట్టు మర్చిపోయి మూతి విరిచావా, ఆ పైపు పారేసుకోవడమే. ఆ మూతులు విరిచే బల్ల దగ్గర నేను. ఐవీది పెట్టెల్లో సర్దే పని. పావురాల గొడవైన మర్నాడు ఐవీ వెనక గుమ్మంలోంచి గిన్నె పట్టుకుని వచ్చింది, బేకన్ వేసి ఉడికించిన బఠానీలు.

"వాడి తరఫున నేను క్షమాపణ చెప్పను. వాడి తప్పులు మోయడానికి నాకు ఓపిక లేదు. టీ పెడతావా, వెళ్ళిపోనా?" అంది.

పెట్టాను. అప్పటికి ఇద్దరం కార్ఖానా పని మానేశాం. ఆ రోజు నుంచి పొద్దున్న పదకొండింటికి ఐవీ మా వంటింట్లో ఉండేది. విల్ఫ్ పోయాక నేను రోజూ నోరు విప్పిందంటే ఆ ఒక్క గంటే. మాకు పిల్లల్లేరు. అక్క స్టౌర్‌బ్రిడ్జ్‌లో ఉంది, ఆవిడకి చెవుడు.

హొరేస్ రిటైరయ్యాడు. రిటైరైన మగవాళ్ళు గులాబీలు పెంచుతారు, లేదా పబ్బులో కూర్చుంటారు. ఈయనగారు కారు కట్టుకుంటానన్నాడు. మా పక్క అది కొత్తేం కాదు, ప్రతి రెండు వీధులకీ ఒక పిచ్చివాడు షెడ్డులో కారు కడుతూనే ఉంటాడు. ఒక లారీ వచ్చి ఫైబర్ బాడీ, ఇనుప చట్రం, పెట్టెలు దింపింది. ఇంకో లారీ ఇరవై ఏళ్ళ పాత కారొకటి ఈడ్చుకొచ్చింది. దాని ఇంజనూ, ఇరుసులూ, బ్రేకులూ పీకి కొత్త చట్రానికి బిగించాలట. ఎలా కట్టాలో చెప్పే కాగితాలతో పుస్తకమంత లావు ఫైలొకటి వచ్చింది. పని ఒక్కోటీ అయ్యాక దాని పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టేవాడు.

ఇదంతా ఎక్కడనుకున్నారు? మా రెండిళ్ళ ముందున్న కారుదారిలో. ఆ దారి ఉమ్మడిది, నడుమ గీత నుంచి సగం మాది, సగం వాళ్ళది, ఎవరూ అడ్డం పెట్టకూడదని దస్తావేజులో ఉంది. ఆరంగుళాలకి ఉత్తరం రాసిన మనిషి రెండేళ్ళపాటు ఒక చక్రం నా సగంలోనే ఉంచాడు. నేను ఉత్తరం రాయలేదు. నాకు ఆ జబ్బు లేదు. పళ్ళు నూరుకుంటూ చక్రం పక్కనుంచి నడిచేదాన్ని.

మొదటి వేసవిలో పెట్రోలు గొట్టం వేశాడు. ట్యాంకు నుంచి ఇంజను దాకా, సైలెన్సరు గొట్టానికి రెండు వేళ్ళ ఎడంలో. బట్టలు ఆరేస్తూ చూశాను.

"ట్రాంటర్ గారూ! పెట్రోలు గొట్టానికి చలేస్తోందా ఏంటి? పొయ్యి పక్కన పడుకోబెట్టారు?"

"పుస్తకంలో ఉన్నట్టే వేశాను, మిసెస్ హింగ్లీ."

"పుస్తకం తలకిందులుగా పట్టుకున్నారేమో చూసుకోండి."

అతను ఫైలు మూసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. బుధవారం నేను బింగో ఆటకి వెళ్ళి వచ్చేసరికి గొట్టం చట్రానికి రెండో పక్కకి మారిపోయింది. అడుగుకొక క్లిప్పు, క్లిప్పు కింద రబ్బరు. మర్నాడు ఐవీ టీ తాగుతూ నవ్వు ఆపుకోలేకపోయింది. "నువ్వు బస్సెక్కేదాకా కర్టెన్ వెనక నిలబడి చూశాడే పిల్లా! ఎక్కావో లేదో, పరుగు!" అంది. నాకు అర్థమైందేమిటంటే, ఈ మనిషికి చెప్తే వింటాడు, కానీ విన్నానని చచ్చినా ఒప్పుకోడు. ఇది నేను గుర్తు పెట్టుకోవలసింది. ఒక్కసారి కిటికీ తీసి అరిస్తే చాలు, అతను చాటుగానైనా సరిచేసుకుంటాడని నాకు తెలుసు.

రెండేళ్ళు కావొచ్చింది. మే నెల. మంగళవారం మధ్యాహ్నం నేను గిన్నెలు కడుగుతున్నాను. సింకు మీద కిటికీలోంచి హొరేస్ కనపడుతున్నాడు, బ్రేకు పైపులు బిగిస్తున్నాడు. పైపులు బాగానే వంచాడు, మూతులు కూడా ఫర్వాలేదు. అన్ని పైపులూ కలిసే చోట మూడు మూతుల ఇత్తడి దిమ్మ ఉంటుంది. దాన్ని కొత్తగా కొన్నాడు. నట్లు మాత్రం పాత బిస్కెట్ల డబ్బాలోంచి ఏరుతున్నాడు. ఆ డబ్బా వాళ్ళ నాన్నది. ఇలాంటి డబ్బా లేని షెడ్డు మా ఊళ్ళో లేదు. తాత విప్పిన నట్టు మనవడు బిగించాలి, అదీ మావాళ్ళ పొదుపు.

ఒక నట్టు దిమ్మలో పెట్టి వేళ్ళతో తిప్పాడు. అది ఊగింది, పాలపన్ను ఊగినట్టు. రెండు చుట్లు తిరిగి ఆగింది. పానా పెట్టి బిగించాడు. బిగిసింది. టిక్కు పెట్టుకున్నాడు.

నా చేతిలో గిన్నె సింకులో జారిపోయింది.

మా దేశంలో అప్పటికి పదిహేనేళ్ళుగా కొలతలు మారుతున్నాయి. పాత బండ్ల మరలన్నీ అంగుళాల లెక్క, కొత్తవన్నీ మిల్లీమీటర్ల లెక్క. కంటికి రెండూ కవలలే. అంగుళం నట్టుని మిల్లీమీటరు దిమ్మలో పెడితే ముందు వదులుగా ఊగుతుంది, తర్వాత మర మరని కొరుకుతుంది, చేతికి గట్టిగా పట్టినట్టే ఉంటుంది. మెల్లిగా బ్రేకు తొక్కినన్నాళ్ళూ ఆగుతుంది కూడా. ప్రాణం మీదికి వచ్చి గట్టిగా తొక్కిన రోజున మరలు చీరుకుపోయి పైపు ఊడొస్తుంది. ఆ పాత రకం బండ్లలో నాలుగు చక్రాలకీ ఒకే దారి. ఒక్క పైపు ఊడితే నాలుగు బ్రేకులూ పోయినట్టే. మా కార్ఖానాలో ఆ రెండు రకాల నట్లు రెండు గదుల్లో ఉండేవి. ఒకదాని తొట్టిలో ఇంకోటి దొరికితే, వేసినవాళ్ళని ఆ సాయంత్రమే పనిలోంచి తీసేసి ఇంటికి పంపేసేవాళ్ళు.

సరిగ్గా చూశానా అని అనుమానం లేదు, ఉన్నా తీరిపోయేది. దిమ్మ వచ్చిన అట్టపెట్టె గాలికి దొర్లుకుంటూ నా సగంలోకి వచ్చింది. వెళ్ళి తీసుకున్నాను. పది మిల్లీమీటర్లు అని అచ్చేసి ఉంది.

కిటికీ గొళ్ళెం మీద చెయ్యి వేశాను. నిజంగా వేశాను. అప్పుడు ఒక ఆలోచన వచ్చింది, దాన్ని నేను తరిమెయ్యలేదు. శనివారం పదింటికి బండికి రోడ్డు పరీక్ష. పరీక్ష చేసే గ్యారేజీ కొండ దిగువన. హొరేస్ ఇంటింటికీ వెళ్ళి అందరికీ చెప్పుకొచ్చాడు, వీధి వీధంతా సాగనంపడానికి వస్తుంది. పక్క సీట్లో ఐవీ కూర్చుంటుంది. ఇప్పుడు కిటికీ తీసి చెప్తే మళ్ళీ చాటుగా సరిచేసేసుకుంటాడు, నా మాటకి మళ్ళీ ఉలుకూ పలుకూ ఉండదు. శనివారం అందరి ముందూ చెప్తే? బండి కదిలే లోపు చెప్తే చాలు కదా. పరీక్ష కాకముందు, ఆ పరీక్షకి తప్ప, బండిని గేటు దాటించే మనిషా హొరేస్? ఆకాశం విరిగిపడినా దాటించడు. ఈ లోపు ఎవరికీ ఏమీ కాదు.

గొళ్ళెం మీంచి చెయ్యి తీసేశాను. అట్టపెట్టె మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకున్నాను.

బుధవారం ఐవీ కొత్త స్కార్ఫు తెచ్చి చూపించింది, నీలం మీద తెల్ల చుక్కలు. తలకి కట్టుకుని అద్దం ముందు తిరిగింది.

"శనివారం ఆ డొక్కు ఎక్కకు," అన్నాను.

"ఏం, కుళ్ళా?"

"కుళ్ళే."

ఇద్దరం నవ్వుకున్నాం. ఇంకో కప్పు పోశాను. గురువారం అక్క దగ్గరికి వెళ్ళి చీకటి పడ్డాక వచ్చాను. శుక్రవారం ఐవీ జుట్టు సెట్ చేయించుకోవడానికి వెళ్ళింది, టీకి రాలేదు.

శనివారం పొద్దున ఎండ కాసింది, అది కూడా అతని పక్షమే. బండి కడిగి నిలబెట్టాడు. ముదురాకుపచ్చ రంగు, పొడుగాటి ముక్కు, ఉబ్బిన కళ్ళలా రెండు దీపాలు. అందంగానే ఉంది. ఈ మాట రాయడానికి నా కడుపు మండుతోంది. హొరేస్ టోపీ, తోలు గ్లౌజులు వేసుకుని ఎక్కాడు. ఐవీ స్కార్ఫు ముడి వేసుకుని పక్కన కూర్చుంది. వీధిలో పాతికమంది దాకా గుమిగూడారు.

నేను వంటింటి కుర్చీ తెచ్చి దారి మధ్యలో వేసుకుని కూర్చున్నాను.

"మిసెస్ హింగ్లీ, కుర్చీ," అన్నాడు హొరేస్.

"అవును, కుర్చీయే. నాలుగు కాళ్ళున్నాయి, కావాలంటే లెక్కపెట్టుకోండి."

"ఇది ఉమ్మడి దారి. అడ్డం పెట్టకూడదని దస్తావేజులో స్పష్టంగా ఉంది."

"రెండేళ్ళ నుంచీ మీ చక్రం నా సగంలో ఉంది. అప్పుడు దస్తావేజు కునుకు తీస్తోందా?"

జనం నవ్వారు. ఎదురింటి బెర్ట్ పొగాకు పైపు పీలుస్తూ, "లేవవే ఎల్సీ, పాపం ఆయనకి టైమవుతోంది," అన్నాడు.

"లేస్తాను. బ్రేకు మీద మూడుసార్లు గట్టిగా తొక్కమను. పెడల్ ఆగితే కుర్చీ తీసేసి, ఇంతమంది ముందూ తప్పయిందని చెప్తాను. ఇప్పటిదాకా ఆయన ఎవరికీ చెప్పని మాట నేను చెప్తాను."

"నా బ్రేకులకి మీ సర్టిఫికెట్ అక్కర్లేదు," అన్నాడు హొరేస్. మెడ మీద ఎర్రమచ్చలు లేచాయి.

"తొక్కెయ్యి హొరేస్, పీడా పోతుంది," అంది ఐవీ. "దీనికి పొద్దున్న టీ పడినట్టు లేదు." నాకేసి చూసి కన్ను గీటింది.

తొక్కాడు. ఆగింది. మళ్ళీ తొక్కాడు. ఆగింది. "చాలా?" అన్నాడు, జనం వైపు చూస్తూ.

"చీమ మీద కాలేసినట్టు తొక్కుతున్నారేంటండీ? ఎదురుగా పసిపిల్ల అడ్డం వచ్చిందనుకోండి. పావురం అనుకోకండి, పావురమైతే మీరు ఆగరు."

అది అతనికి తగిలింది. స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, సీట్లోంచి లేచినంత పని చేసి, మొత్తం బరువు కాలి మీద వేశాడు. బానెట్ కింద టక్కుమంది. పెడల్ నేలకి దిగిపోయింది, అతని మోకాలు డ్యాష్‌బోర్డుకి కొట్టుకుంది. బండి కింద నుంచి బ్రేకాయిలు సన్నగా కారి, వాలులో పాక్కుంటూ నా చెప్పు దాకా వచ్చింది.

బెర్ట్ నోట్లోంచి పైపు తీసేశాడు.

అబద్ధమెందుకు, అంత తియ్యటి క్షణం నా బతుకులో ఇంకోటి లేదు. లేచి నిలబడ్డాను. జేబులోంచి అట్టపెట్టె తీసి అందరికీ కనపడేలా పట్టుకున్నాను.

"పది మిల్లీమీటర్ల దిమ్మ! అందులో మీ నాన్నగారి అంగుళం నట్టు! మా ఆయన గూటికి ఆరంగుళాలు కొలిచారే, ఇక్కడ కొలవడానికి టేపు దొరకలేదా? నేనెక్కడో వంటింటి కిటికీలోంచి పసిగట్టాను. మంగళవారం మధ్యాహ్నమే చూశాను, ఊగే నట్టుని మీరు పానాతో బిగిస్తుంటే!"

హొరేస్ మొహం సున్నం కొట్టినట్టయింది. నాకేసి చూడలేదు. ఐవీకేసి చూస్తున్నాడు.

ఐవీ స్కార్ఫు ముడి విప్పింది. "మంగళవారమా?" అంది.

"అవును, మంగళవారమే. గిన్నెలు కడుగుతూ..."

"గురువారం మేం దీన్ని బయటికి తీశాం, ఎల్సీ."

నాకు మొదట అర్థం కాలేదు.

"మా పెళ్ళిరోజు," అంది ఐవీ. "నేనే అడిగాను. పరీక్ష కాలేదు, తప్పు, ఒద్దన్నాడు. ముప్పై నాలుగేళ్ళలో నా కోసం ఒక్కసారైనా రూలు తప్పలేవా అని పోరు పెట్టాను. కొండ దిగి కాలవ వంతెన దాకా వెళ్ళాం, చేపా చిప్సూ తిన్నాం. దిగేటప్పుడు మలుపులో బస్సు ఎదురైంది. దూరంగా ఉంది కాబట్టి మెల్లిగా తొక్కాడు. దగ్గర్లో ఉంటే ఇందాక తొక్కినట్టు తొక్కేవాడు."

"ఐవీ, బండి కదలదనుకున్నాను. ఆయన పరీక్ష కాకుండా తీస్తాడని నేనెలా..."

"బుధవారం నీ వంటింట్లో స్కార్ఫు కట్టుకుని తిరిగానే. ఆ అట్టపెట్టె అప్పుడెక్కడుంది?"

నా చేతిలోని పెట్టె వైపు చూశాను. ఆ రోజు కూడా అదే ఏప్రన్. దాని జేబు ఆమెకి జానెడు దూరంలో ఉంది. నేను ఆమెకి రెండో కప్పు పోశాను.

"జేబులోనే ఉందా?" అంది ఐవీ.

వీధిలో అందరూ నా వైపే చూస్తున్నారు, ఇందాకటి వరకూ అతని వైపు చూసినవాళ్ళే.

"పోనీలే ఐవీ," అన్నాడు హొరేస్ మెల్లిగా. అతను అరిచినా, తిట్టినా, కౌన్సిల్‌కి ఉత్తరం రాస్తానన్నా నేను తట్టుకునేదాన్ని. గ్లౌజులు తీసి సీటు మీద పెట్టి, కుంటుకుంటూ బండి దిగాడు. అందరి ముందూ ఒంగి, కారిన ఆయిలు మీద ఇసుక చల్లాడు. ఐవీ కూడా దిగి బండి ముందు వైపుకి వచ్చింది. దారి వెనక్కి కాస్త ఎత్తు, వెనక్కి తొయ్యడం ముసలివాళ్ళిద్దరికీ కష్టం. బండి ఒక అడుగు కదిలి ఆగిపోయింది.

నేను కుర్చీ పక్కకి లాగి, ఐవీ పక్కన నిలబడి, బానెట్ మీద చెయ్యి వేశాను.

"ముట్టుకోకు," అంది ఐవీ.

గొంతు పెంచలేదు. నాకేసి చూడను కూడా చూడలేదు. చెయ్యి తీసేశాను. బెర్ట్ వచ్చి నేను నిలబడ్డ చోట భుజం ఆనించాడు. ముగ్గురూ కలిసి బండిని వెనక్కి తోశారు.